మడమ నొప్పి – సూది ఒక్కటే మందా?

పొద్దున్నే మంచం దిగుతాం. మొదటి అడుగు కింద వేస్తాం. మడమలో మేకు దిగినట్టు ఉంటుంది. గోడ పట్టుకుని నాలుగడుగులు కుంటుతాం. కాసేపు ఇంట్లో తిరిగేసరికి నొప్పి సర్దుకుంటుంది. "పోయిందిలే" అనుకుని పనిలో పడతాం. సాయంత్రానికి మళ్ళీ మొదలు. కాసేపు కూచుని లేస్తే మళ్ళీ అదే పోటు.

మన కాకినాడలో ఏ వీధిలో అడిగినా ఈ నొప్పి పడేవాళ్ళు ఒకరిద్దరు కనిపిస్తారు. రొయ్యల షెడ్డులో తడి గచ్చు మీద నిలబడే అక్కలున్నారు. మెయిన్ రోడ్డు బట్టల కొట్లలో పొద్దస్తమానం నిలబడే చెల్లెళ్ళున్నారు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధి తిరిగే పిన్నులున్నారు. నాలుగిళ్ళలో పాచిపని చేసే వదినలున్నారు. పనులు వేరు. నొప్పి ఒకటే.

నూటికి పదిమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ నొప్పి వస్తుందని వైద్యుల అంచనా. 40 నుంచి 60 ఏళ్ళ వయసు వాళ్ళకు ఎక్కువ.

నొప్పి ముదిరాక మనం అడిగే మాట ఒక్కటే. "ఒక సూది వేసెయ్యండి. రేపు పనిలోకి పోవాలి." ఒకరోజు మానేస్తే ఒకరోజు కూలి పోతుంది. అందుకే ఆ తొందర.

ఆ సూదిలో ఏముంది? ఎప్పుడు వేయించుకోవాలి? ఎన్ని వేయించుకోవచ్చు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

నొప్పి ఎక్కడ పుడుతుంది?

మన అరికాలి కింద, చర్మం లోపల, ఒక గట్టి పట్టీ ఉంది. కాళ్ళకు పెట్టుకునే వెండి పట్టీ కాదు. నవారు మంచానికి నవారు ఎలా ఉంటుందో అలాంటి పట్టీ. అది మడమ ఎముక దగ్గర మొదలై కాలివేళ్ళ మొదళ్ళ దాకా పోతుంది. అరికాలి వంపును అదే పట్టి ఉంచుతుంది. మనం వేసే ప్రతి అడుగుకూ అది సాగుతుంది.

నవారు మీద రోజూ బరువు పడితే ఏమవుతుంది? కట్టిన చోట పీచు లేస్తుంది. ఈ పట్టీ కూడా అంతే. మడమ ఎముకకు అంటుకున్న చోట చిన్న చిన్న చీలికలు వస్తాయి. పట్టీ మందమవుతుంది. నొప్పి పుడుతుంది. వైద్యులు దీన్ని ప్లాంటార్ ఫాషియైటిస్ అంటారు.

మరి పొద్దున్నే ఎందుకు ఎక్కువ? రాత్రంతా పాదం వాలి ఉంటుంది. పట్టీ ముడుచుకుని బిగుసుకుంటుంది. లేచి ఒక్కసారి నిలబడగానే ఒళ్ళు బరువంతా దాని మీద పడుతుంది. అందుకే ఆ పోటు.

గట్టి నేల మీద ఎక్కువసేపు నిలబడడం, అరిగిపోయిన చెప్పులు, ఒళ్ళు బరువు పెరగడం, పిక్క కండరాలు బిగుసుకుపోవడం, ఉన్నట్టుండి ఎక్కువ దూరం నడవడం - ఇవన్నీ ఈ నొప్పికి కారణాలు.

ఎముక ముల్లు సంగతి

ఒక అక్క మడమ నొప్పితో ఆసుపత్రికి వెళ్ళింది అనుకుందాం. డాక్టరమ్మకూ ఆమెకూ మధ్య మాటలు ఇలా నడుస్తాయి.

అక్క: ఎక్సరే తీయించానండి. మడమలో ఎముక ముల్లు పెరిగిందంట. అదే గుచ్చుకుంటందండి.

డాక్టరమ్మ: ముల్లు ఉన్నమాట నిజమేనమ్మా. కానీ నొప్పి ముల్లు వల్ల కాదు. నొప్పి ఏమీ లేని చాలామందికి కూడా ఎక్సరేలో ఈ ముల్లు కనిపిస్తుంది. నొప్పి పట్టీలో ఉంది.

అక్క: అయితే ఆపరేషను చేసి ముల్లు తీసెయ్యక్కర్లేదా అండి?

డాక్టరమ్మ: అక్కర్లేదు. నూటికి 80 మందికి పైగా ఏడాది లోపు ఆపరేషను లేకుండానే తగ్గిపోతుంది. కాకపోతే ఓపిక పట్టాలి. కాలికి చెయ్యవలసిన పని రోజూ చెయ్యాలి.

అక్క: మా అత్తగారు ఇటుక కాల్చి, జిల్లేడాకులు వేసి, దాని మీద మడమ పెట్టి తొక్కమన్నారండి.

డాక్టరమ్మ: వేడికి కాసేపు హాయిగా ఉండొచ్చు. పట్టీ మాత్రం బాగుపడదు. పైగా షుగరు ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. కాలినా తెలియదు. పుండు పడితే మానదు. కాల్చిన ఇటుక జోలికి పోవద్దు.

ముందు చెయ్యవలసినవి

సూది కన్నా ముందు ఇవి చెయ్యాలి. వీటికి పెద్దగా డబ్బు ఖర్చు లేదు.

మొదటిది. మంచం దిగకముందే చెయ్యాలి. కూచుని, నొప్పి ఉన్న కాలు రెండో మోకాలి మీద వేసుకోవాలి. చేత్తో కాలివేళ్ళు పట్టుకుని మన వైపుకు వెనక్కి లాగాలి. అరికాలి పట్టీ తాడులా బిగుసుకోవాలి. రెండో చేతి బొటనవేలితో నొక్కి చూస్తే తెలుస్తుంది. 10 అంకెలు లెక్కపెట్టాలి. వదలాలి. ఇలా 10 సార్లు. రోజుకు 3 పూటలు. అడుగు కింద పెట్టకముందు ఒకసారి తప్పకుండా చెయ్యాలి.

2003లో అమెరికాలో కొందరు వైద్యులు దీన్ని పరీక్షించి చూశారు. పది నెలలకు పైగా మడమ నొప్పి పడుతున్నవాళ్ళను తీసుకున్నారు. కొందరి చేత పిక్కను సాగదీయించారు. కొందరి చేత ఇలా అరికాలి పట్టీని సాగదీయించారు. 8 వారాల తరవాత చూస్తే, పట్టీని సాగదీసినవాళ్ళకే పొద్దుటి పోటు ఎక్కువగా తగ్గింది.

రెండోది. గోడ మీద రెండు చేతులూ ఆనించి నిలబడాలి. నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టాలి. మడమ నేలకు ఆని ఉండాలి. వెనక మోకాలు వంచకూడదు. ముందు మోకాలు వంచి గోడ వైపు వాలాలి. పిక్క లాగుతుంది. 30 అంకెలు లెక్కపెట్టాలి. ఇలా 3 సార్లు. పిక్క సాగితే పట్టీ మీద లాగుడు తగ్గుతుంది.

మూడోది. చిన్న సీసాలో నీళ్ళు గడ్డ కట్టించి, గుడ్డ చుట్టి, అరికాలి కింద పెట్టి 10 నిమిషాలు దొర్లించాలి. పని నుంచి వచ్చాక చేస్తే హాయిగా ఉంటుంది. పాదాల్లో తిమ్మిరి, స్పర్శ లేకపోవడం ఉన్నవాళ్ళు ఇది చెయ్యకూడదు.

నాలుగోది. ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వేసుకోవాలి. గచ్చు మీద, టైల్సు మీద వట్టి కాళ్ళతో తిరగకూడదు. మడమ దగ్గర అరిగి పలచబడిన చెప్పులు మార్చాలి. పనిలో బూట్లు వేసుకునేవాళ్ళు లోపల మెత్తని అట్ట పెట్టుకోవచ్చు.

నాలుగు రోజులు చేసి "తగ్గలేదు" అని మానెయ్యకూడదు. వారాల తరబడి చెయ్యాలి. మంచం నవారు అయితే ఒక్క పూటలో బిగించుకుంటాం. ఒంట్లో పట్టీ మెల్లమెల్లగా తనంతట తనే బాగుపడాలి.

సూదిలో ఏముంటుంది?

రెండు మూడు నెలలు ఇవన్నీ చేసినా తగ్గకపోతే, అడుగు వెయ్యలేకపోతే, అప్పుడు డాక్టరు సూది మాట చెప్పవచ్చు.

సూదిలో స్టెరాయిడ్ అనే మందు ఉంటుంది. దానికి తోడు తిమ్మిరి ఎక్కించే మందు కలుపుతారు. ఈ జాతి మందును 1948లో అమెరికాలో కీళ్ళ జబ్బుతో కదలలేని ఒక ఆవిడకు మొదటిసారి ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె నడిచింది. లోకమంతా ఆశ్చర్యపోయింది. కనిపెట్టినవాళ్ళకు 1950లో నోబెల్ బహుమతి ఇచ్చారు. తరవాత తరవాత ఈ మందు చేసే కీడు కూడా తెలిసింది. మంచి మందే. కానీ కొలత తప్పకూడదు.

ఈ సూదిని మడమ లోపలి పక్క నుంచి వేస్తారు. అరికాలి మందపు చర్మంలో నుంచి సాధారణంగా వెయ్యరు. కొన్నిచోట్ల స్కానింగులో చూస్తూ వేస్తారు. అప్పుడు మందు సరైన చోట పడుతుంది.

ఇంకో సంగతి గమనించండి. కొందరు అర్హత లేనివాళ్ళు మడమ నొప్పి అంటే తుంటికి ఒక సూది పొడిచి పంపేస్తారు. దానితో ఒకటి రెండు రోజులు నొప్పి తెలియదు. మళ్ళీ వస్తుంది. మళ్ళీ సూది. అందులో ఏ మందు ఉందో మనకు తెలియదు. స్టెరాయిడ్ మాటిమాటికీ ఒంట్లోకి పోతే మొహం ఉబ్బుతుంది. షుగరు, బీపీ పెరుగుతాయి. ఎముకలు బలహీనపడతాయి. మడమ నొప్పికి పోయి కొత్త జబ్బు తెచ్చుకున్నట్టు అవుతుంది.

సూది ఎంతకాలం పనిచేస్తుంది?

2012లో ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష చేశారు. మడమ నొప్పి ఉన్న 82 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు స్టెరాయిడ్ సూది వేశారు. రెండో జట్టుకు వట్టి ఉప్పునీళ్ళ సూది వేశారు. ఎవరికి ఏది పడిందో వాళ్ళకు చెప్పలేదు.

4 వారాలకు చూశారు. స్టెరాయిడ్ పడినవాళ్ళకు నొప్పి ఎక్కువ తగ్గింది. 8 వారాలకు చూశారు. 12 వారాలకు చూశారు. రెండు జట్ల నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

దీన్ని బట్టి ఏం తెలిసింది? సూది మనకు సుమారు నెల రోజుల ఊరట ఇస్తుంది. పట్టీని బాగుచెయ్యదు. ఆ నెల రోజుల్లో, నొప్పి తక్కువగా ఉన్నప్పుడే, పట్టీని సాగదీసే పని రోజూ చెయ్యాలి. అప్పుడే సూదికి ఫలితం. సూది పడగానే నొప్పి పోయిందని ఎప్పటిలా గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడితే, నెల తిరిగేసరికి నొప్పి తిరిగి వస్తుంది.

ఎక్కువ సూదులు పడితే?

స్టెరాయిడ్ నొప్పిని తగ్గిస్తుంది. కానీ పట్టీని బలహీనపరచవచ్చు. ఒక్కోసారి పట్టీ తెగిపోవచ్చు కూడా. 1998లో అమెరికా వైద్యులు ఇద్దరు తాము చూసిన రోగుల లెక్క రాశారు. మొత్తం 765 మంది. వాళ్ళలో 51 మందికి పట్టీ తెగింది. ఆ 51 మందిలో 44 మందికి అంతకుముందు స్టెరాయిడ్ సూది పడి ఉంది.

సూది వేయించుకున్న ప్రతివాళ్ళకూ ఇలా అవుతుందని కాదు. మాటిమాటికీ పొడిపించుకోకూడదని దీని అర్థం.

మడమ కింద దిండులాంటి మెత్తని కొవ్వు ఉంటుంది. స్టెరాయిడ్ ఆ కొవ్వులో పడితే అది పలచబడవచ్చు. అప్పుడు నడిస్తే ఎముక నేలకు కొట్టుకున్నట్టు ఉంటుంది. ఆ దిండు మళ్ళీ పెరగడం కష్టం.

అందుకే చాలామంది వైద్యులు ఒక సూదికీ ఇంకో సూదికీ మధ్య కనీసం 3 నెలలు ఆగుతారు. ఏడాదికి ఒకే మడమకు రెండు మూడుకు మించనివ్వరు. మొదటి సూది పనిచెయ్యకపోతే, మళ్ళీ అదే వెయ్యడం కన్నా ఇంకో దారి చూస్తారు.

ఇంకో సూది కూడా ఉంది. మన చేతి నుంచి కొంచెం రక్తం తీస్తారు. యంత్రంలో గిరగిరా తిప్పుతారు. గాయం మాన్పే కణాలు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరు చేసి మడమలో వేస్తారు. దీన్ని పీఆర్‌పీ అంటారు. ఇది మెల్లగా పనిచేస్తుంది. స్టెరాయిడ్ కన్నా ఎక్కువ కాలం మేలు చేస్తుందని కొన్ని పరీక్షల్లో తేలింది. ఖర్చు ఎక్కువ. అందరికీ అవసరం లేదు. దీనికోసం అప్పు చేసే ముందు పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరును అడగండి.

సూదికి ముందు డాక్టరుకు చెప్పవలసినవి

షుగరు ఉంటే చెప్పాలి. స్టెరాయిడ్ పడ్డాక కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే చెప్పాలి. కడుపుతో ఉంటే చెప్పాలి. కాలికి పుండు, చీము, జ్వరం ఉంటే చెప్పాలి. ఏ మందైనా పడకపోతే చెప్పాలి. ఇంతకుముందు ఎన్ని సూదులు పడ్డాయో చెప్పాలి.

సూది కొత్తదై ఉండాలి. మన కళ్ళ ముందే కవరు చింపి తియ్యాలి. అలా చెయ్యమని అడగడం తప్పు కాదు.

సూది తరవాత

తిమ్మిరి మందు రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. తరవాత ఒకటి రెండు రోజులు నొప్పి పెరగవచ్చు. భయపడక్కర్లేదు. గుడ్డ చుట్టిన ఐసుతో అద్దుకోవాలి. పాదాల్లో స్పర్శ లేనివాళ్ళు ఐసు పెట్టకూడదు. కొన్ని రోజులు బరువు పనులు, దూరం నడవడం మానాలి. ఎన్ని రోజులో డాక్టరును అడగాలి.

మడమ ఎర్రబడి వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే వెళ్ళాలి. నడుస్తుండగా అరికాల్లో "టప్" మని తెగినట్టు అనిపించినా వెంటనే వెళ్ళాలి.

లెక్క మనమే రాసుకోవాలి

అక్కలారా! మనకు ఇప్పుడు రాయడం వచ్చు. ఇది అందుకు పనికొచ్చే చోటు.

ఒక సూది ఒక ఊళ్ళో పడుతుంది. ఇంకొకటి ఇంకో ఆసుపత్రిలో పడుతుంది. మొదటి డాక్టరు సంగతి రెండో డాక్టరుకు తెలియదు. అన్నీ తెలిసింది మన మడమకే. కానీ మడమ మాట్లాడలేదు. కాబట్టి మనం రాసి పెట్టాలి.

డాక్టరును ఇలా అడగండి. "ఈ సూదిలో ఏం మందు ఉందండి? పేరు చెప్పండి, రాసుకుంటాను." ట్రయామ్సినలోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్ - ఇలాంటి పేర్లు చెప్తే అవి స్టెరాయిడ్లు. విన్న పేరు విన్నట్టు తెలుగులోనే రాసుకోండి. తప్పు పోతే డాక్టరే దిద్దుతారు.

పుస్తకంలో ఒక పేజీ తీసి ఇలా రాయండి.

తేదీ:
ఏ కాలు (కుడి / ఎడమ):
మందు పేరు:
వేసిన చోటు:
నొప్పి ఎన్ని వారాలు తగ్గింది:

మళ్ళీ డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ముందు ఈ పేజీ చూపించండి.

కూచునే హక్కు

నొప్పి కాల్లో ఉంది. కారణం చాలాసార్లు పనిచేసే చోట ఉంటుంది. రోజంతా నిలబెట్టే పని మారకపోతే ఎన్ని సూదులు పడినా నొప్పి తిరిగి వస్తుంది.

నిలబడి పనిచేసేవాళ్ళకు, మధ్యలో వీలు దొరికినప్పుడు కూచోవడానికి, తగిన ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. 2020లో చేసిన కొత్త కార్మిక చట్టంలో కూడా ఈ సంగతి ఉంది.

కేరళలో బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్ళను కూచోనిచ్చేవారు కాదు. కోళికోడ్ ఊరి ఆడవాళ్ళు సంఘం కట్టి ఏళ్ళ తరబడి అడిగారు. 2018లో కేరళ ప్రభుత్వం చట్టం మార్చింది. కొట్టులో కూచునే హక్కు వచ్చింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టం చేసింది.

ఒక్కరే అడిగితే "రేపటి నుంచి రావద్దు" అనవచ్చు. పదిమంది కలిసి అడగాలి. ఒక స్టూలు, కాళ్ళ కింద ఒక రబ్బరు పట్టా. మనం అడిగేది ఇంతే.

ఎక్కడికి వెళ్ళాలి?

ముందు దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. ఆశా కార్యకర్తను అడగండి. అక్కడ తగ్గకపోతే కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాల డాక్టర్లు అక్కడ చూస్తారు. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు "ఎముకల డాక్టరు" అని చెప్పండి.

మడమ నొప్పులన్నీ ఇదే జబ్బు కాదు. పడిపోయి దెబ్బ తగిలితే, రాత్రి పడుకున్నా నొప్పి ఆగకపోతే, పాదం మొద్దుబారితే, రెండు మడమలతో పాటు నడుము, కీళ్ళు పొద్దున్నే బిగుసుకుంటే ఆలస్యం చెయ్యకండి. షుగరు ఉన్నవాళ్ళ కాలికి పుండు పడితే ఆ రోజే వెళ్ళండి.

గుర్తు పెట్టుకుందాం

మొదటి మందు పట్టీని సాగదీయడం, మెత్తని చెప్పులు.
సూది కొన్ని వారాల ఊరట మాత్రమే.
సూదికీ సూదికీ మధ్య కనీసం 3 నెలలు.
ప్రతి సూదీ పుస్తకంలో రాసుకోవాలి.

చెప్పండి

1. పొద్దున్న మొదటి అడుగుకే నొప్పి ఎందుకు ఎక్కువ?
2. ఎముక ముల్లు కనిపిస్తే ఆపరేషను తప్పదా?
3. షుగరు ఉన్నవాళ్ళు కాల్చిన ఇటుక మీద మడమ ఎందుకు పెట్టకూడదు?
4. మీరు పనిచేసే చోట కూచోవడానికి ఏముంది? లేకపోతే ఎవరిని అడగాలి?

లెక్క చెయ్యండి

1. కాలివేళ్ళు పూటకు 10 సార్లు లాగాలి. రోజుకు 3 పూటలు. రోజుకు ఎన్నిసార్లు? వారానికి ఎన్నిసార్లు?
2. ఒక అక్కకు జనవరి 10న సూది పడింది. 3 నెలలు ఎప్పటికి నిండుతాయి?
3. పట్టీ తెగినవాళ్ళు 51 మంది. వాళ్ళలో సూది పడినవాళ్ళు 44 మంది. సూది పడనివాళ్ళు ఎంతమంది?

రాయండి

మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని మడమ నొప్పి ఉన్న ఒకరిని అడగండి. ఇప్పటిదాకా ఎన్ని సూదులు పడ్డాయి? ఏ మందు? ఎప్పుడు? వాళ్ళు చెప్పింది పైన చూపినట్టు రాసి వాళ్ళకే ఇవ్వండి. కాలివేళ్ళు ఎలా లాగాలో కూచోబెట్టి చూపించండి.